వరుసలో కొత్త మొహం

ఆ ఊరి పోలీస్ స్టేషన్‌లో డిటెక్టివ్ విభాగం అంటే ఒక గది, రెండు బల్లలు, ఒక మనిషి. రెండో బల్ల దగ్గర కూర్చోవలసిన మనిషిని ఇదిగో పంపిస్తున్నాం, అదిగో పంపిస్తున్నాం అంటూ పైవాళ్లు ఏడేళ్లుగా ఊరిస్తున్నారు. ఈలోగా ఆ బల్లను పాత ఫైళ్లు ఆక్రమించుకున్నాయి. ఉన్న ఆ ఒక్క మనిషినీ ఊరంతా మఫ్టీ మామ అంటుంది. యూనిఫాం లేకుండా మామూలు బట్టల్లో, అంటే మఫ్టీలో, తిరగడం అతని ఉద్యోగంలో భాగం. ఎవరూ గుర్తుపట్టకూడదని సర్కారు ఇచ్చిన వెసులుబాటు అది. ఇరవై ఆరేళ్లుగా ఒకే ఊళ్లో అవే గళ్ల చొక్కాలతో తిరిగే మనిషిని గుర్తుపట్టనిదెవరో ఆ సర్కారే చెప్పాలి. యూనిఫాంలో ఉన్న కానిస్టేబుల్ పక్కనుంచి వెళ్లినా తలెత్తని జనం, మామ చొక్కా వీధి మలుపులో కనబడగానే మాట మార్చేస్తారు. అతను టీ కొట్టులో అడుగుపెడితే చాలు, అప్పటిదాకా పక్కింటి గుట్టు విప్పుతున్నవాళ్లంతా ఎండల గురించి మాట్లాడటం మొదలుపెడతారు.

సినిమాల్లో డిటెక్టివ్‌కు భూతద్దం ఉంటుంది, పరుగులుంటాయి, ఆఖర్న అందరినీ కూర్చోబెట్టి దంచే ఉపన్యాసం ఉంటుంది. మామకు ఉన్నదల్లా ఓపిక. ఆ ఊళ్లో పోయేవి కూడా అంత గొప్ప వస్తువులేం కావు. సైకిళ్లు, నీళ్ల మోటార్లు, గ్యాస్ బండలు, దండెం మీద ఆరేసిన బట్టలు. అతని పద్ధతల్లా కూర్చోవడం. అనుమానం ఉన్న చోటికి వెళ్లి కూర్చుంటాడు, ఏమీ అడగడు. కాసేపటికి ఆ మౌనం భరించలేక అవతలివాడే నోరు విప్పి, చెప్పకూడదనుకున్నదంతా చెప్పేస్తాడు. ఈ పద్ధతిలో మామ ఎన్నో సైకిళ్లు పట్టుకున్నాడు. అయినా అతను ఛాతీ విరుచుకుని చెప్పుకునేది సైకిళ్ల గురించి కాదు, గుర్తింపు పెరేడ్ల గురించి.

గుర్తింపు పెరేడ్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. అనుమానితుణ్ణి, ఇంచుమించు అదే వయసూ అదే ఒడ్డూపొడుగూ ఉన్న మరో ఎనిమిది మందిని ఒక వరుసలో నిలబెడతారు. సాక్షి వచ్చి ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ నడిచి, తాను చూసిన మనిషి ఎవరో చూపించాలి. చిక్కంతా ఆ ఎనిమిది మంది దగ్గరే వస్తుంది. పోలీసులు పిలిచి దొంగ పక్కన నిలబడమంటే ఎవడు నిలబడతాడు? చుట్టుపక్కల ఊళ్ల స్టేషన్లలో మనుషులు దొరక్క పెరేడ్లు వారాల తరబడి వాయిదా పడుతుంటాయి. మామకు ఆ బెంగ లేదు. అతనికి ఒక జట్టు ఉంది. సైకిల్ షాపు నడిపే సొంత బావమరిది, బజారు దర్జీ, బ్యాంకు ప్యూను, టీ కొట్టతను, లారీ ఆఫీసు గుమాస్తా, ఇంకా ముగ్గురు. కబురు పెడితే గంటలో వచ్చి వాలతారు, అరగంట నిలబడతారు, టీ తాగి వెళతారు. అలా ఇన్నేళ్లలో మామ పద్దెనిమిది పెరేడ్లు జరిపించాడు. పద్దెనిమిదింటిలో ఏ ఒక్క సాక్షీ తడబడలేదు. తక్కిన స్టేషన్లలో సాక్షులు నీళ్లు నములుతుంటే ఇక్కడ ఎలా సాధ్యమని పెద్ద ఆఫీసర్లు సైతం అడిగారు. మనుషుల్ని ఎంచుకోవడంలోనే ఉంది సార్ అని మామ సిగ్గుపడుతూ చెప్పాడు.

ఆ పద్దెనిమిదోది గడియారాల షాపు కేసు. మెయిన్ రోడ్డులో ఆ షాపు నడిపే ఆవిడ ఓ మిట్టమధ్యాహ్నం లోపలి గదిలో భోంచేస్తుంటే, ఎవడో వచ్చి గాజు బల్ల తెరిచి పదకొండు చేతిగడియారాలు సంచీలో వేసుకుపోయాడు. చప్పుడు విని ఆవిడ చేయి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చింది. సన్నగా ఉన్న మనిషి ఒకడు గుమ్మం దిగి పోతున్నాడు. మర్నాడు ఒక పెయింటర్‌ని పట్టుకొచ్చారు. బడి ప్రహరీగోడకు రంగు వెయ్యడానికి ఎక్కడినుంచో వచ్చాడు. సన్నగా ఉన్నాడు, ఊరికి కొత్త, ఆ మధ్యాహ్నం షాపు ఎదురుగా కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఎవరో చూశారు. అతని సంచీ బోర్లిస్తే నాలుగు బ్రష్షులు, ఒక చొక్కా, సగం వాడిన సబ్బు రాలాయి. గడియారాల జాడ లేదు. నేను కాదు సార్ అన్నాడు. ఆ మాట అననివాడెవడు అని ఇన్‌స్పెక్టర్ పెరేడ్ పెట్టించమన్నాడు. వేరే ఆధారం ఏదీ లేదు కాబట్టి కేసు మొత్తం ఆ పెరేడ్ మీదే నిలబడాలి.

స్టేషన్ పెరట్లో, మధ్యాహ్నం ఎండలో, తొమ్మిది మందీ గోడవారగా నిలబడ్డారు. కోర్టు నుంచి వచ్చిన గుమాస్తా కాగితం, కలం పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. షాపావిడ పెళ్లిచూపులకు వచ్చినంత పద్ధతిగా నడుచుకుంటూ వచ్చింది. మొదటివాడు దర్జీ. తన బట్టల కోసం ఇంకెన్నాళ్లు తిప్పించుకుంటాడో చెప్పమని ఆవిడ అక్కడే నిలదీసింది. బ్యాంకు ప్యూనును, కూతురికి జ్వరం తగ్గిందా అని అడిగింది. మామ బావమరిది దగ్గర ఆగి, వాడు బిగించిన సైకిల్ గంట రెండో రోజే మూగబోయిందని దులిపేసింది. వరుసంతా నవ్వింది. కోర్టు గుమాస్తా నవ్వాడు, మామా కడుపుబ్బ నవ్వాడు. ఆరోవాడు పెయింటర్. ఆవిడ అతనితో ఏమీ మాట్లాడలేదు. వేలు చూపించి, ఇతనే అంది. అయిదు నిమిషాల్లో కాగితాల మీద సంతకాలైపోయాయి, అందరూ టీ తాగారు.

సాయంత్రం భోజనం దగ్గర మామ ఈ కథంతా భార్యకు అభినయించి మరీ చెప్పాడు. తమ్ముడికి పడ్డ చివాట్లు విని ఆవిడ పొరపోయేలా నవ్వింది. నవ్వి, కంచంలో కూర వడ్డిస్తూ, "అందరూ తెలిసినవాళ్లే అయితే ఇంక ఆవిడ వెతికిందేముంది?" అంది. ఆ మాట అనేసి మంచినీళ్ల చెంబు కోసం లోపలికెళ్లింది. ఆవిడకు అది మాటవరసకు వచ్చిన మాట. మామకు మాత్రం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ తిరిగొచ్చాక, పోలీసు విషయాలు నీకేం తెలుస్తాయిలే అన్నాడు. ఆవిడ నిజమే అని ఒప్పుకుంది. ఆవిడ కాస్త గట్టిగా వాదించి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

మర్నాడు షాపు తెరిచే వేళకే వెళ్లాడు. గోడనిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తూ తమ పాటికి తాము కొట్టుకుంటున్నాయి. మామ స్టూలు మీద కూర్చున్నాడు. ఎప్పటిలా మౌనంగా కూర్చుందామనుకున్నాడు గానీ ఆ టిక్కుటిక్కుల మధ్య అర నిమిషం కూడా ఓర్చుకోలేకపోయాడు. ఆ మనిషిని అంత చటుక్కున ఎలా గుర్తుపట్టావమ్మా అని అడిగేశాడు.

"అందులో గుర్తుపట్టడానికేముంది అన్నయ్యా?" అందావిడ. "మిగతా ఎనిమిది మందీ మనవాళ్లేగా. వాళ్లు దొంగతనం చెయ్యరని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇక మిగిలింది అతనొక్కడేగా. అయినా మీరు పట్టుకొచ్చారంటే ఊరికే పట్టుకొస్తారా?"

ఆ రోజు వెళ్లిపోయిన మనిషి మొహం గుర్తుందా అని మామ అడిగాడు. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. అబద్ధమాడే మనిషి కాదు. వీపు గుర్తుంది అంది. వీపే, కొంచెం వంగినట్టు ఉంది అంది.

అక్కణ్ణుంచి మామ కాలు ఒక చోట నిలవలేదు. సైకిల్ షాపుకు వెళ్లాడు. బావమరిది చక్రం ఊడదీసి ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్నాడు. ఇన్నిసార్లు దొంగల పక్కన నిలబడ్డావు కదా, ఎప్పుడైనా భయమేసిందా అని అడిగాడు మామ.

బావమరిది తలెత్తకుండానే, "భయమెందుకు బావా?" అన్నాడు. "నన్ను ఎవరు చూపిస్తారు? చూపిస్తే మా అక్క ఊరుకుంటుందా? మాకు భయం లేదు కాబట్టే పిలవగానే వస్తున్నాం. కొత్త ఊరివాణ్ణి నిలబడమని చూడు, వస్తాడేమో."

అంటే బావమరిదికి తెలుసు. దర్జీకి తెలుసు, టీ కొట్టతనికి తెలుసు. ఊరందరికీ తెలిసిన సంగతి ఊళ్లోని ఒకే ఒక్క డిటెక్టివ్‌కు తెలియలేదు. మామకు తల కొట్టేసినట్టయింది. స్టేషన్‌కు వెళ్లి పాత రిజిస్టరు తీశాడు. పద్దెనిమిది పెరేడ్లలో కనీసం కొన్నింటిలోనైనా అనుమానితుడు ఊరివాడై ఉండాలి కదా అని ఆశపడ్డాడు. ఆ ఆశకు అర్థం లేదని రెండు పేజీలు తిప్పేలోపే తెలిసింది. దొంగ ఊరివాడైతే సాక్షి పేరే చెబుతుంది, ఇక పెరేడ్ ఎందుకు? పెరేడ్ పెట్టింది ప్రతిసారీ కొత్తవాడికే. ప్రతిసారీ ఎనిమిది తెలిసిన మొహాలు, ఒక తెలియని మొహం. చిన్నపిల్లవాడైనా చూపించగలడు.

జైలుకు వెళ్లి పెయింటర్‌ని కలిశాడు. ఏం అడగాలో తెలియక, భోజనం సరిగా పెడుతున్నారా అన్నాడు. పెయింటర్ గోళ్ల సందుల్లో ఇంకా పసుపు రంగు ఉంది.

"ఆవిడ మొదటాయన్ని పలకరించినప్పుడే నాకు అర్థమైంది సార్, నా పని అయిపోయిందని," అన్నాడు. "మీరు పెద్దవాళ్లు, మీకూ అర్థమై ఉంటుందనుకుని మీ వైపు చూశాను. మీరు నవ్వుతున్నారు."

మామ గుండెల్లో ముల్లు దిగినట్టయింది. లేచి వచ్చేశాడు.

ఇన్‌స్పెక్టర్ వయసులో చిన్నవాడు, చెడ్డవాడు కాదు. మామ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. పక్క ఊరి నుంచి మనుషుల్ని తెప్పించి మళ్లీ పెరేడ్ పెడదామని మామ అంటే నిట్టూర్చాడు. "ఇప్పుడెలా పెడతారు? ఆవిడ ఒకసారి అతన్ని చూపించింది. ఇక ఎంతమందిలో నిలబెట్టినా ఆ మొహాన్నే చూపిస్తుంది," అన్నాడు. అది నిజమే. తర్వాత గొంతు తగ్గించి, ఇది కోర్టులో చెబితే ఈ ఒక్క కేసుతో పోదనీ, వెనక పదిహేడు ఉన్నాయనీ, వాటిలో శిక్షలు పడ్డాయనీ, రిటైరవడానికి రెండేళ్లున్న మనిషికి ఇవన్నీ అవసరమా అనీ అడిగాడు. మిమ్మల్ని అడిగినదానికే జవాబు చెప్పండి, పెరేడ్ జరిగిందా అంటే జరిగిందనండి, చాలు అన్నాడు. అందులో అబద్ధం కూడా లేదు.

విచారణకు ఇంకా పది రోజులుంది. ఆ పది రోజులూ మామ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. టీ కొట్టుకు వెళ్లి టీ చెప్పి, అది వచ్చేలోపే లేచిపోయేవాడు. పోయిన గ్యాస్ బండ గురించి విచారించడానికి ఓ ఇంటికెళ్లి, ఎందుకొచ్చాడో మరిచిపోయి, ఇంటాయన ఆరోగ్యం అడిగి వచ్చాడు. తెల్లారకముందే లేచి వరండాలో పచార్లు చేసేవాడు. దర్జీ ఎదురుపడితే దారి మళ్లేవాడు. కళ్లు మూసుకుంటే వరుసలు, గోడవారన కొత్త మొహాలు, తన నవ్వు. వాళ్లలో నిజమైన దొంగలు ఉండే ఉంటారు, సగానికి పైగా ఉంటారు అని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు. ఏ సగం అన్న ప్రశ్న వెంటనే జోరీగలా చెవిలో చేరేది.

ఆరో రోజో ఏడో రోజో భార్య అతన్ని పట్టుకుని కుర్చీలో కూలేసింది. సంగతేమిటో చెప్పేదాకా లేవనివ్వనంది. ఇరవై ఆరేళ్లలో అతను ఎదురుగా కూర్చుని నోరు విప్పించిన దొంగలకు ఎలా ఉండేదో అతనికి అప్పుడు తెలిసింది. మొత్తం చెప్పేశాడు. ఆవిడ అంతా వింది. నా నోటిదురద వల్లే కదా ఇదంతా అని ముందు బాధపడింది. తర్వాత, వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేసి రమ్మంది. చెప్పకుండా ఇంటికొస్తే ఈ పచార్లు ఇంకో ఇరవై ఏళ్లు భరించడం తన వల్ల కాదంది. నవ్వుతూనే అంది గానీ ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి.

విచారణ రోజున ప్రభుత్వ వకీలు మామను మూడే ప్రశ్నలు అడిగాడు. పెరేడ్ జరిగిందా, తొమ్మిది మంది ఉన్నారా, సాక్షి ముద్దాయిని చూపించిందా. మూడింటికీ అవునన్నాడు. వకీలు కూర్చోబోతుంటే, ఇంకొక మాట చెప్పాలండీ అన్నాడు మామ. బోను అంచు పట్టుకున్నాడు. ఆ ఎనిమిది మందీ సాక్షికి బాగా తెలిసినవాళ్లనీ, ఆవిడ వాళ్లను పలకరించుకుంటూ వెళ్లిందనీ, ఆవిడ చూపించింది తాను చూసిన మనిషిని కాదనీ, తనకు తెలియని మనిషిననీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. వెనక బల్ల మీద ఇన్‌స్పెక్టర్ తల వంచుకున్నాడు.

జడ్జి కళ్లజోడు తీసి అతని వైపు చూసింది. ఇలాంటి పెరేడ్లు ఎన్ని జరిపించారని అడిగింది. పద్దెనిమిది అన్నాడు.

"అన్నింటిలోనూ ఇవే మొహాలా?"

"ఇంచుమించుగా అంతేనండీ."

"మరి మిగతా పదిహేడు మందిలో నేరం చేసినవాళ్లెవరు, చెయ్యనివాళ్లెవరు?"

"తెలియదండీ," అన్నాడు మామ.

పెయింటర్‌ని ఆ మధ్యాహ్నమే వదిలేశారు. అతను ఎవరితోనూ మాట్లాడకుండా సంచీ భుజాన వేసుకుని బస్సెక్కేశాడు. బడి గోడ సగం పసుపూ సగం సున్నంగా ఉండిపోయింది. షాపావిడ మామ ఎదురుపడితే మొహం తిప్పుకుంది. ఇన్నాళ్ల పేరు ఇలా గంగలో కలుపుకున్నాడేమిటని టీ కొట్టులో అందరూ, ఎండల సంగతి పక్కనపెట్టి, అతని ముందే అన్నారు. పదిహేడు కేసుల జాబితా నెలలోపు ఇవ్వమని జడ్జి ఉత్తర్వు వేసింది. ఆ జాబితా తయారుచేసే పని, ఇంకెవరికి ఇస్తారు, మామకే ఇచ్చారు.

పదిహేడు మందిలో చాలామంది ఎక్కడున్నారో తెలియదు. ఇద్దరు చనిపోయారు. ఒక్కడు మాత్రం ఈ ఊళ్లోనే ఉన్నాడు. పదకొండేళ్ల కింద నీళ్ల మోటారు పోయిన కేసులో పధ్నాలుగు నెలలు జైల్లో ఉండి వచ్చాడు. అతను లోపలున్నప్పుడు భార్య ఇక్కడే ఆసుపత్రిలో ఆయా పనికి కుదిరింది. బయటికొచ్చాక అతనూ ఇక్కడే ఉండిపోయి, ఆసుపత్రి వెనక సందులో ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు.

మామ వెళ్లేసరికి అతను ఎవరిదో తెల్ల చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరిస్తున్నాడు. పోలీసు మనిషిని చూసి పెట్టె పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు. మామ చెప్పడానికి వచ్చిన మాటలు మూడు రోజులుగా కూడబలుక్కున్నవి. అవన్నీ ఎటో పోయాయి. ఆ మోటారు నువ్వే తీశావా అని మాత్రం అడిగాడు.

"నేను కాదు సార్," అన్నాడతను. కోపంగా కాదు, అడిగినందుకు చెప్పినట్టుగా.

మామ కోర్టులో జరిగింది చెప్పాడు. కేసు తిరగదోడొచ్చని, తాను సాక్ష్యం చెబుతానని చెప్పాడు. అతను అంతా విని, ఇప్పుడు తిరగదోడి ఏం చేసుకుంటాను సార్, ఆ నెలలు వెనక్కొస్తాయా అన్నాడు. చొక్కా మడత పెట్టాడు. మడత సరిగా రాలేదని విప్పి మళ్లీ పెట్టాడు. తర్వాత, ఒక్క పని చేసిపెట్టమని అడిగాడు.

"ఇంట్లో ఏదైనా వస్తువు కనబడకపోతే మా ఆవిడ ముందు నా వైపు చూస్తుంది. ఏమీ అనదు, ఎప్పుడూ అనలేదు. మంచిది. చూస్తుంది, అంతే. మీరొచ్చి ఆవిడకు చెప్పండి సార్."

"నువ్వు కాదని నేనెలా చెప్పనయ్యా? నాకు తెలియదు," అన్నాడు మామ.

"అదే చెప్పండి. తెలియదని కూడా ఇంతవరకు ఎవరూ అనలేదు."

అతను పెట్టెలోని నిప్పులు ఆర్పి, బట్టల మీద దుప్పటి కప్పాడు. ఇద్దరూ సందు చివరిదాకా నడిచారు. మామ వేగంగా నడవబోయి, అతనికోసం ఆగి, మళ్లీ నడిచాడు. అతను తన ఇంటి తలుపు తట్టాడు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసింది. గళ్ల చొక్కాను గుర్తుపట్టింది. ఎందుకొచ్చారని అడగలేదు. మొగుడి వైపు చూసింది.